ఆ 1,088ని కొట్టేయకండి

ఉమ్మడి వరంగల్ జిల్లా జూనియర్ కాలేజీల సైన్స్ లెక్చరర్లకు, ప్రిన్సిపాళ్లకు బహిరంగ లేఖ

మిత్రులారా, నమస్తే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫిజిక్స్ చెప్పి, ఇప్పుడు రిటైరై హనుమకొండలో ఉంటున్న మీ తోటి లెక్చరర్ని. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. ఎక్కడైనా గొంతు కాస్త పెరిగినట్టు అనిపిస్తే పాత అలవాటు అనుకోండి.

చాలా ఏళ్ల కిందటి ఒక ప్రాక్టికల్ క్లాసు ముందు చెప్తాను. సింపుల్ పెండ్యులం. ములుగు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియం. దారం పొడవు గుండు మధ్యదాకా కొలిచి సరిగ్గా 100 సెంటీమీటర్లు పెట్టింది. చాలామంది గుండు పైవరకే కొలిచి వదిలేస్తారు, మీకు తెలుసు. స్టాప్‌వాచ్ పట్టుకుని 20 డోలనాలు లెక్కపెట్టింది. 38.1 సెకన్లు. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ అటూఇటుగా అంతే. లెక్క కడితే g విలువ, అంటే భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం, 1,088 (సెంటీమీటర్లు/సెకను²) వచ్చింది. పుస్తకంలో 980. అబ్జర్వేషన్ బుక్కు నా చేతికివ్వకుండా గుండెకు ఆనించుకుని నిలబడి, "నాకు రాలేదు సార్" అంది.

బెల్లు కొట్టే టైమైంది. బయట ఇంకో బ్యాచ్ నిలబడి ఉంది. "పక్క టేబుల్ వాళ్ల రీడింగులు వేసుకోమ్మా" అన్నాను. ఎవరో కాదు, నేనే అన్నాను. ఆమె మారుమాట్లాడకుండా ఎరేజర్ తీసింది. ఆ వారం రికార్డులో 979.6 అని చక్కటి రాతతో వచ్చింది. తుడిచిన చోట కాగితం పలచబడి వెనక పేజీ గీతలు కనిపిస్తున్నాయి. ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి సంతకం చేశాను.

కొన్నేళ్ల తర్వాత ఒక పిల్లవాడికి అదే పెండ్యులంతో మళ్లీ అలాంటి నంబరే వచ్చింది. ఆ రోజు నాకు తీరిక ఉంది. "ఏదీ, గట్టిగా లెక్కపెట్టుకుంటూ చెయ్యి" అన్నాను. గుండు వదిలాడు, స్టాప్‌వాచ్ నొక్కాడు, అదే క్షణంలో "ఒకటి" అన్నాడు. అక్కడ దొరికింది. వదిలిన క్షణం సున్నా, ఒకటి కాదు. ఇరవై అనే సరికి నిజంగా అయినవి 19 డోలనాలే. 38.1ని 19తో భాగించి చూడండి, g దాదాపు 982 వస్తుంది. మళ్లీ ప్రయోగం చేయక్కర్లేదు, అవే రీడింగులు చాలు. అంటే ఆ ములుగు అమ్మాయి కొలత మా ల్యాబులో ఆ ఏడు జరిగిన మంచి కొలతల్లో ఒకటి. తప్పల్లా సున్నా దగ్గర. ఆమె చేతనే ఆ తప్పు పట్టించడానికి అయిదు నిమిషాలు పట్టేది.

ఇంటర్ తర్వాత ఆమె బీకాంలో చేరిందని విన్నాను. బీకాం తక్కువదని కాదు, నా ఒక్క మాటవల్లే సైన్స్ వదిలేసిందనీ కాదు, అంత గొప్ప నాకు ఆపాదించుకోను. కానీ మన భాషలో ఒక తిరకాసుంది. "రాలేదు" అంటే జవాబు రాలేదని. "రాదు" అంటే అసలు ఆ విద్యే రాదని. ఒక సాయంత్రం "నాకు రాలేదు సార్" అన్న పిల్ల ఏడాది తిరిగేసరికి "నాకు ఫిజిక్స్ రాదు" అంటుంది. మొదటి మాట నుంచి రెండో మాటకు ఆమె నడిచి వెళ్లే దారి మన ల్యాబుల్లో, మన క్లాసుల్లో ఉంది. ఈ లేఖ ఆ దారి గురించి.

'ఈ పని నేను చేయగలను' అనే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో వెతికినవాడు ఆల్బర్ట్ బండూరా. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ సైకాలజిస్టు. 1977లో రాసిన వ్యాసంలో నాలుగు ఊటలు చెప్పాడు: స్వయంగా చేసి గెలిచిన అనుభవం, మనలాంటివాడు చేయగా చూడటం, ఎదుటివాళ్ల మాట, మన ఒంట్లో కలిగే గుబులును మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో మొదటిదే బలమైనదన్నాడు. దాన్ని ఆయన పాములంటే హడలిపోయే మనుషుల మీద పరీక్షించాడు. కొందరికి వేరేవాళ్లు కొండచిలువను పట్టుకుంటుంటే చూపించారు. కొందరి చేత, పక్కనుండి సాయం చేస్తూ, వాళ్ల చేతులతోనే పట్టించారు. చూసినవాళ్లకూ ధైర్యం వచ్చింది గానీ, పట్టుకున్నవాళ్లకు వచ్చినంత రాలేదు.

మన ల్యాబులో ఆ పాము స్క్రూగేజీ, అంటే తీగ మందం కొలిచే పరికరం. చాలామంది పిల్లలు రెండేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా ఒంటరిగా తిప్పరు. నలుగురైదుగురికి ఒక సెట్టు. ఒకడు తిప్పుతాడు, ఒకడు చదువుతాడు, మిగతావాళ్లు రాసుకుంటారు. రాసేది ఎవరు? ఏ కాలేజీకైనా వెళ్లి పది నిమిషాలు నిలబడి చూడండి. మిక్స్‌డ్ బ్యాచ్ అయితే స్టాప్‌వాచ్ అబ్బాయి చేతిలో, పెన్ను అమ్మాయి చేతిలో ఉంటుంది. "నీ రాత బాగుంటది కదమ్మా, నువ్వు రాయి" అని మెచ్చుకోలుగా అనేది కూడా మనమే. నేనూ అన్నాను.

దాని ఫలితం ఎలా ఉంటుందో జాయిస్ ఎర్లింగర్, డేవిడ్ డన్నింగ్ 2003లో చూపించారు. అమెరికాలో కాలేజీ విద్యార్థులకు పది ప్రశ్నల సైన్స్ క్విజ్ పెట్టి, ఎన్ని సరిగ్గా చేసి ఉంటారో వాళ్లనే అంచనా వేయమన్నారు. అబ్బాయిల అంచనా సగటున 7.1, అమ్మాయిల అంచనా 5.8. నిజంగా వచ్చింది అబ్బాయిలకు 7.9, అమ్మాయిలకు 7.5. మార్కులు చెప్పకముందే, సైన్స్ పోటీలో పాల్గొంటారా అని అడిగితే అబ్బాయిల్లో 71 శాతం సరేనన్నారు, అమ్మాయిల్లో 49 శాతమే. క్విజ్‌లో దాదాపు సమానంగా చేసినవాళ్లే, క్విజ్ రాకముందు నుంచే "మనకెక్కడ వస్తది" అనుకుంటూ వచ్చి, పోటీ దాకా రాకుండా వెనక్కి తగ్గారు. అది అమెరికా సంగతే, ఒప్పుకుంటాను. మన పిల్లల మీద ఇలాంటి లెక్క మనం ఎందుకు తీయలేదన్నదే నా ప్రశ్న. దానికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు కొంచెం చేదు సంగతి. కార్పొరేట్ కాలేజీల మిత్రులు కోప్పడకండి. ప్రభుత్వ కాలేజీలు కూడా మిమ్మల్ని చూసి ఇదే నేర్చుకుంటున్నాయి. వీకెండ్ టెస్టు, సోమవారం ర్యాంకులు, ఆ ర్యాంకుల మీద సెక్షన్లు. నోటీసు బోర్డు మీద లిస్టు, అదే లిస్టు అమ్మానాన్నల వాట్సాప్‌కు. పై సెక్షన్‌లో పడ్డవాడికి ఆత్మవిశ్వాసం పెరుగుతుందని కదా మనం అనుకునేది? ఆస్ట్రేలియాలో హెర్బర్ట్ మార్ష్ 1980లలోనే దీనికి విరుద్ధమైన విషయం పట్టుకున్నాడు. ఒకే తెలివి, ఒకే మార్కులు ఉన్న ఇద్దరిలో ఒకణ్ణి గట్టివాళ్ల మధ్య, ఇంకొకణ్ణి మామూలువాళ్ల మధ్య కూర్చోబెడితే, గట్టివాళ్ల మధ్య కూర్చున్నవాడు తన శక్తిని తక్కువగా అనుకుంటాడు. పిల్లవాడు తనను కొలుచుకునేది పక్కవాడితో, రాష్ట్రం మొత్తంతో కాదు. దీనికి ఆయన చెరువూ చేపా పోలికతో పేరు పెట్టాడు. 2003లో 26 దేశాల విద్యార్థుల లెక్కలు తీసి చూసినా ఇదే కనిపించింది.

చెరువుల ఊళ్లో ఉన్న మనకు ఈ పోలిక ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరి కుంటలో పెద్ద చేపగా తిరిగిన పిల్లవాణ్ణి తెచ్చి పాఖాలలో వదిలాం. వాడు చిన్నవాడు కాలేదు, నీళ్లు పెద్దవయ్యాయి. ఆ మాట వాడికి చెప్పేవాళ్లు లేరు. జిల్లా పరిషత్ స్కూలు ఫస్టు వచ్చి, జూన్‌లో నవ్వుతూ చేరి, దసరా సెలవులకు ఇంటికి పోయి "బాపూ, నాతోని గాదు" అన్న పిల్లలను మీరూ చూశారు. ఆ మూడు నాలుగు నెలల్లో వాడి బుర్ర తగ్గిందా?

భాష విషయం వేరే చెప్పాలి, ఇది మన ప్రాంతంలో మరీ ఎక్కువ. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం 2022 నుంచి విస్తరించింది కాబట్టి ఈ గొడవ తగ్గిపోతుందని కొందరంటున్నారు. మీడియం పేరు మారినంత తొందరగా పిల్లల ఆలోచన భాష మారదు. రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) చెప్తున్న రోజు చివరి బెంచీలో ఒక పిల్లవాణ్ణి లేపాను, నర్సంపేట దగ్గరి పత్తి రైతు కొడుకు. లేచి నిలబడ్డాడు, చూపు నేలమీద. డెఫినిషన్ రాలేదు. కూర్చోమనబోతూ ఎందుకో, "మార్కెట్ల పత్తికి తేమ మీటర్ పెడ్తరు గద, అది ఎట్ల పని చేస్తది?" అని అడిగాను. తలెత్తాడు.

"తడి పత్తిల కరెంటు మంచిగ పోతది సార్. ఎండిన పత్తిల పోదు. మంచిగ పోయిందంటే నంబరు ఎక్కువ కొడ్తది. పన్నెండు దాటితే పత్తి కొనే సీసీఐ వాళ్లు తీసుకోరు. మా బాపుది పోయినేడు పదమూడున్నర కొట్టింది, ఎనుమాముల యార్డుల రెండు రోజులు ఆరబోసినం."

రెసిస్టెన్స్ తగ్గితే కరెంటు పెరుగుతుందని, తేమ రెసిస్టెన్స్‌ను తగ్గిస్తుందని, ఆ మార్పును నంబరుగా మార్చి చూపే పరికరం ఒకటుందని, దాని మీద ఇంటి ఆదాయం ఆధారపడుతుందని ఆ కుర్రాడికి తెలుసు. తెలియనిది ఆ ఇంగ్లీష్ వాక్యం ఒక్కటే. అయినా ఆ క్షణం దాకా వాడు తనకు తాను వేసుకున్న మార్కు సున్నా. కాళోజీ పేరు వైద్య విశ్వవిద్యాలయానికి పెట్టుకున్న ఊళ్లో, పిల్లల పలుకుబడిలో ఉన్న సైన్సును మాత్రం క్లాసు బయట చెప్పుల దగ్గర విడిపిస్తున్నాం. ఇంగ్లీష్ వద్దనడం లేదు. వాడు పోబోయే ఎన్ఐటీలోనో కాకతీయ మెడికల్ కాలేజీలోనో అది కావాలి. మొదటి రెండు నెలలు వేగం, త్వరణం, జడత్వం అనే మాటలను కొత్త మాటల పక్కన ఉండనివ్వండి. తెలిసిన విషయానికి కొత్త పేరు నేర్చుకుంటున్నానని పిల్లవాడికి తెలియడం, కొత్త విషయమే నేర్చుకోలేకపోతున్నానని అనుకోవడం, ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

మాటల గురించి కాబట్టి ఇంకొకటి. "ఇది చాలా ఈజీ" అనే మాట మానేద్దాం. ధైర్యం చెప్పడానికే అంటాం. వినే పిల్లకు అది రెండువైపులా కత్తి. చేస్తే గొప్పేమీ లేదు, ఈజీది చేసింది. చేయలేకపోతే ఈజీది కూడా రాలేదు. నిజం చెప్పడమే మేలు: "ఇది మొదటిసారికి ఎవరికీ పట్టుబడదు, నాకూ పట్టుబడలేదు." అలాగే ఏటా ఒకసారి ఆడిటోరియం నింపి మోటివేషన్ స్పీకర్‌ను పిలిచి 'నువ్వు తోపువి' అనిపించడం వల్ల ఒరిగేది తక్కువ. ఆ వేడి సాయంత్రం స్టడీ అవర్ వరకూ ఉంటుంది. పిలిస్తే మీ కాలేజీలోనే అయిదేళ్ల కింద చదివి, ఇప్పుడు ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్న పిల్లనో, ఒకసారి సప్లీ రాసి తర్వాత ఇంజనీరైన కుర్రాడినో పిలవండి. బండూరా రెండో ఊట అదే, మనలాంటివాడు చేయగా చూడటం. ఆ వచ్చినవాళ్లను విజయగాథ చెప్పమనకండి. ఏ చాప్టర్ దగ్గర ఎన్ని రోజులు ఆగిపోయారో చెప్పమనండి.

ఇప్పటిదాకా నమ్మకం తగ్గడం గురించే మాట్లాడాను. ఎక్కువైనా చిక్కే. హార్వర్డ్‌లో లూయీ డెలోరియే బృందం 2019లో ప్రచురించిన పరిశోధన చదివాక నాకు కాస్త సిగ్గనిపించింది. ఫిజిక్స్ విద్యార్థుల్లో కొందరికి అనర్గళంగా లెక్చర్ ఇచ్చారు, కొందరి చేత అదే పాఠం గుంపులుగా కూర్చోబెట్టి లెక్కలు చేయించారు. తర్వాత పరీక్ష పెడితే చేసినవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. కానీ 'ఎంత నేర్చుకున్నాం' అని అడిగితే లెక్చర్ విన్నవాళ్లే ఎక్కువ చెప్పారు. పాఠం సాఫీగా సాగితే తమకు వచ్చేసిందనుకుంటారు. తడబడుతూ చేస్తే రాలేదనుకుంటారు. "సార్ మస్తు చెప్తడు" అని పిల్లలు నా గురించి అనుకుంటే ఏళ్లపాటు మురిసిపోయాను. నేను బాగా చెప్పడం వల్ల వాళ్లకు వచ్చిందనిపించి, పరీక్ష హాల్లో పెన్ను పట్టుకున్నాక రాలేదని తేలి, ఆ తప్పంతా తమ బుర్రదే అనుకున్నవాళ్లు ఎందరో. కనీసం ఒక మాట ముందే చెప్పి ఉండాల్సింది: తడబడటం నేర్చుకుంటున్నదానికి గుర్తు అని.

ఒంటి సంగతి కూడా అంతే. తెల్లవారుజామున అయిదుకు లేపి, రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టిన పిల్లకు పరీక్షలో చేతులు వణికితే, ఆమె దాన్ని నిద్రలేమి అనుకోదు, తనకు రాదనడానికి రుజువనుకుంటుంది. ఇది పెద్దగా వివరించక్కర్లేదు, మన పిల్లలు కూడా హాస్టళ్లలో ఉన్నవాళ్లే.

ఇక అసలు అడగదలచుకున్నది. మన దగ్గర లేనిది లెక్క. పిల్లల మార్కులు ప్రతివారం రాస్తున్నాం. వాళ్లు తమ గురించి ఏమనుకుంటున్నారో ఒక్కసారీ అడగలేదు. అడగడం కష్టం కాదు. "నీకు ఆత్మవిశ్వాసం ఉందా?" అని మాత్రం అడగకండి, అందరూ ఉందనే రాస్తారు. పనిని అడగాలి. 'ఎవరి సాయం లేకుండా స్క్రూగేజీ జీరో ఎర్రర్ చూసి తీగ మందం కొలవగలనని నీకెంత నమ్మకం?' సున్నా నుంచి వంద దాకా ఒక అంకె. 'ఇంతకుముందు చూడని మోల్ కాన్సెప్టు లెక్కను మొదలుపెట్టగలవా?' 'ఆకు పొరను ఒలిచి స్లైడు చేసి పత్రరంధ్రాలు చూపించగలవా?' ఇలా సబ్జెక్టుకు అయిదు చాలు. బండూరా కూడా ఇలా పని వారీగా, సున్నా నుంచి వంద దాకానే అడగమన్నాడు. జూలైలో ఒకసారి, దసరా తర్వాత ఒకసారి, జనవరిలో ఒకసారి. తర్వాత ఆ పనినే నిజంగా చేయించి చూడండి. చేయగలిగి కూడా ఇరవై వేసుకున్న పిల్లలెవరు, చేయలేక తొంభై వేసుకున్నవాళ్లెవరు? ఈ రెండు గుంపులకూ మనం చెప్పాల్సినవి వేర్వేరు. ఇప్పుడు ఇద్దరికీ ఒకే స్టడీ అవర్ పెడుతున్నాం.

ఒక కట్టుబాటు ఉండాలి. ఆ చీటీలు లెక్చరర్ దాటి పోకూడదు. వాట్సాప్‌లో పెడితే, ర్యాంకులకు ముడిపెడితే, దాంతో లెక్చరర్ల పనితీరు కొలిస్తే, మరుసటి నెల నుంచి అందరూ వంద వేస్తారు, కథ కంచికి. కాకతీయ యూనివర్సిటీలో విద్యాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నవాళ్లను పేర్లు తీసేసిన లెక్కలతో దీనిలోకి పిలిస్తే, మన ప్రాంతానికి మొదటిసారి సొంత సమాచారం దొరుకుతుంది. అమెరికా, ఆస్ట్రేలియాల ఫలితాలను నాలాంటివాడు ఇలా అరువు తెచ్చుకునే అవసరం ఉండదు.

"మీరు ఉద్యోగంలో ఉన్నప్పుడు చేశారా?" అంటారు. చేయలేదు. "సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలె?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. వారానికి ఎన్ని పీరియడ్లు ల్యాబుకని టైంటేబుల్లో రాసి, చివరికి వాటిలో కూడా థియరీ చెప్పేస్తున్నామో మీకూ నాకూ తెలుసు. కొత్త టైము అడగడం లేదు, రాసిన టైమును ల్యాబుకే ఇవ్వమంటున్నాను.

బోర్డు అధికారులకు కూడా ఒక మాట. ప్రాక్టికల్స్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో ముప్పై చొప్పున మార్కులు ఇస్తున్నారు. అందులో అయిదు, తప్పు వచ్చిన రీడింగును ఎందుకు తప్పొచ్చిందో వివరించినదానికి ఇవ్వండి. అప్పుడు రికార్డులో 1,088 దాచుకోవాల్సిన అంకె కాదు, మార్కు తెచ్చే అంకె. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చినప్పుడు తెలుగులో సున్నా పడ్డ ఒక పేపరును మళ్లీ చూస్తే 99 మార్కులున్నాయి. ఆ ఏడాది కొందరు పిల్లల ప్రాణాలు పోయాయి. బోర్డు అంకెకూ తాను రాసినదానికీ పొంతన కుదరనప్పుడు, "నేను సరిగ్గానే రాశాను, మళ్లీ చూడండి" అని నిలబడగల పిల్లలను మనం తయారుచేస్తున్నామా, చేతిలోని రీడింగును ఎరేజర్‌తో తుడిచే పిల్లలనా?

ఫిబ్రవరి ప్రాక్టికల్స్‌కు ముందు మీరు కట్టలు కట్టలు రికార్డులు దిద్దుతారు. ఒకే రోజు, ఒకే పెండ్యులంతో, నలభై మందికీ 979, 980, 981 వచ్చి ఉంటాయి. వాటి మధ్య ఎక్కడైనా 1,088 కనిపిస్తే ఆ పిల్లను పిలిచి గట్టిగా లెక్కపెట్టమనండి. మీకు ఆ పూట తీరిక లేకపోతే నాకు కబురు చేయండి. నేను ఖాళీగానే ఉన్నాను, స్టాప్‌వాచ్ నా దగ్గరే ఉంది, హనుమకొండ బస్టాండు నుంచి మీ ఊరికి బస్సు ఉంటుంది.

ఇట్లు,
మీ పాత ఫిజిక్స్ లెక్చరర్,
హనుమకొండ